రేవులో మనుషులేరీ?

ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించటం మనం అనుకున్నంత తేలికేం కాదు. అద్దం కూడా ఆ పని సరిగ్గా చెయ్యదు, కుడిని ఎడమ చేసి చూపిస్తుంది. ఫోటో తీస్తే అంచుల అవతల ఉన్నదంతా పోతుంది. ఇక మాటల సంగతి సరేసరి. పక్కింట్లో జరిగిన ఒకే గొడవని ఇద్దరు వచ్చి చెపితే మనకి రెండు గొడవలు తెలుస్తాయి! అయినా సరే, దేన్నయినా మెచ్చుకోవలసి వస్తే ముందుగా మన నోట వచ్చే మాట, “అచ్చం నిజంలా ఉంది” అనే. బొమ్మకైనా అదే మెప్పు, సినిమాకైనా అదే, మా నవలలకైనా అదే. ఆ మాటలో ‘నిజం’ పాలెంత, ‘లా’ పాలెంత?

ఈ ప్రశ్న పుస్తకాలు చదివినప్పుడు నన్నింతగా పట్టుకోలేదు. మా పెద్ద బావగారు కడుతున్న రేవుని చూశాక పట్టుకుంది.

రేవంటే నిజం రేవు కాదు లెండి. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. విశాఖపట్నంలో వాళ్ళింటి మేడమీద గదిలో పెద్ద బల్ల వేసి, దానిమీద బుల్లి రైళ్ళు నడుపుతుంటారు. ‘బొమ్మ రైళ్ళు’ అంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. ‘మోడల్ రైల్వే’ అనాలి. మనవైపు అంతగా కనిపించదు గానీ, ఈ సరదా కొత్తదేం కాదు. జర్మనీలో మెర్క్‌లిన్ వాళ్ళు 1891లోనే ఆటరైళ్ళ పట్టాలు ఇంతింత వెడల్పు ఉండాలని ప్రమాణాలు పెట్టారు. మన దేశంలో చూడాలంటే పుణేలో జోషీగారి బుల్లి రైళ్ళ మ్యూజియం ఉంది. ఇలాంటివి కట్టేవాళ్ళలో చాలామంది వాడే కొలత 1:87. అంటే నిజంలో ఎనభైయేడు అడుగులున్నది బల్లమీద ఒక్క అడుగన్నమాట. బావగారు ఆ కొలతలో, 1970 ప్రాంతపు విశాఖ హార్బరులో ఒక మూలని కట్టటానికి పూనుకున్నారు. బొగ్గు ఇంజను, ఖనిజం వ్యాగన్లు, జెట్టీ, క్రేను, ఓడ, వెనక కొండ.

“మగవాళ్ళ కాలక్షేపం. ఇందులో ఆలోచించాల్సిందేముంది?” అనుకుంటున్నారు కదూ? ఒక్క క్షణం ఆగండి. ఈ పని మనకి మాత్రం కొత్తా? బొమ్మలకొలువు పెట్టినప్పుడు మనం చేసేదేమిటి? అద్దం ముక్క పరిచి చెరువంటాం. చుట్టూ ఇసుక పోసి, వారం ముందే చల్లిన గింజల మొలకలు చూపించి పొలమంటాం. ఆ చెరువులో లక్కబాతు ఈదుతుంటుంది. గట్టుమీద ఆ బాతుకంటే చిన్న ఏనుగు నిలబడి ఉంటుంది. పేరంటానికి వచ్చినవాళ్ళెవరూ “అదేమిటమ్మా, ఏనుగు బాతులో సగం కూడా లేదు?” అని నిలదియ్యరు. శనగలు పుచ్చుకుని, బాగుందని చెప్పి వెళతారు. ఎందుకంటే కొలువు ఎక్కడా ‘నేను నిజాన్ని’ అని చెప్పుకోదు. బావగారి రేవు చెప్పుకుంటుంది. చిక్కు అక్కడే వచ్చింది.

ఆ చిక్కు పట్టాల దగ్గరే మొదలు. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. కానీ ఈ కొలతకి బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. 1435 మిల్లీమీటర్ల గేజి ఉన్న దేశాలకోసం చేసినవి అవి. కనక బావగారి రేవులో ప్రతి రైలూ, తను నడవాల్సిన దారికంటే దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకైన దారిలో నడుస్తోంది. చూసేవాళ్ళకి తెలియదు. ఆయనకి తెలుసు.

రెండో చిక్కు కొండ. యారాడ కొండ కొస, డాల్ఫిన్స్ నోస్ అంటామే, దాన్ని లెక్కప్రకారం చేస్తే గది పైకప్పుకి తగులుతుంది. అందుకని కొండని గోడమీద రంగులతో వేసి, అడుగుభాగం మాత్రం థర్మోకోల్‌తో కాస్త ముందుకు తెచ్చారు. దూరంగా ఉండాల్సినదానికి రంగు పలచన చేసి, కొంచెం నీలం, కొంచెం బూడిదరంగు కలిపితే చాలుట. మిగతా దూరాన్ని మన కన్నే కల్పించుకుంటుంది. మూడోది ఓడ. రెండువందల మీటర్ల ఓడ ఈ కొలతలో రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు. అది పెట్టాక ఇక రైళ్ళకి చోటేది? ఓడ ముందుభాగాన్ని మాత్రం చేసి, గోదాము పక్కనుంచి తొంగి చూస్తున్నట్టు పెట్టారు. వెనక ఓడ లేదు, గోడ ఉంది.

అన్నిటికంటే తమాషా అయినది నీళ్ళ సంగతి. “తాతయ్యా, నిజం నీళ్ళే పోసెయ్యరాదూ?” అన్నాడు మనవడు. ఎవరికైనా తోచే మాటే. కానీ ఓడని ఎనభైయేడో వంతు చెయ్యగలంగానీ నీటిబొట్టుని చెయ్యలేం కదా! ఆ చిన్న ఓడ పక్కన నిజం నీళ్ళు పోస్తే, సముద్రం అలలా లేవదు. పళ్ళెంలో నీళ్ళు తొణికినట్టు తొణుకుతుంది. జర్మనీలో హాంబర్గు హార్బరు పాత గోదాముల్లో, 2001లో తెరిచిన ‘మినియాటూర్ వుండర్‌లాండ్’ అనే పెద్ద ప్రదర్శన ఉంది. అందులో స్కాండినేవియా భాగంలో ముప్ఫైవేల లీటర్ల నిజం నీళ్ళు పోసి, ఓడలు తిప్పి, ఆటుపోట్లు కూడా తెప్పిస్తారు. అంత విశాలమైనచోట అది చెల్లుతుంది. మేడమీద గదికి ప్లైవుడ్డే నయం. చెక్కకి రంగు వేసి, ఆరినకొద్దీ పొరమీద పొరగా వార్నిష్ పూస్తే చెక్క కాస్తా సముద్రమైపోతుంది. నీళ్ళు అబద్ధంలా కనిపించటం, చెక్క నిజంలా కనిపించటం! వేదాంతం చెప్పేవాళ్ళు పాముని, తాడుని పక్కన పెట్టి ఇక దీన్నే ఉదాహరణగా చెప్పుకోవచ్చు.

ఆ రంగు కూడా మనం పటాల్లో వేసే నీలం కాదుట. హార్బరు నీళ్ళు ఎప్పుడూ అంత నీలంగా ఉండవు. ఆకుపచ్చ, బూడిద, మట్టిరంగు కలిసిన ఏదో పేరులేని రంగు అది. జెట్టీ గోడకి అడుగున నాచు పట్టిన తడి పట్టీ ఒకటి కనిపించాలి. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్ల లోపే కాబట్టి, మోడల్లో ఆ పట్టీ సుమారు రెండు సెంటీమీటర్లు. అంతకంటే పైకి పూస్తే అది విశాఖ కాదు, ఇంకే ఊరో.

ఇక మురికి పూసే కార్యక్రమం చూసి తీరాల్సిందే. కొత్తగా కొన్న వ్యాగన్ నిగనిగలాడుతూ ఉంటుంది. నిజం వ్యాగన్ అలా ఉంటుందా? కనక దాని అందమంతా చెడగొట్టాలి. అంచుల్లో తుప్పు, చక్రాల దగ్గర నూనెమరకలు, పక్కలమీద ఎర్రదుమ్ము. ఓడ తాళ్ళు కట్టే ఇనుప గుంజలమీద పక్షుల రెట్టలు కూడా, సన్నని కుంచెతో! కింద మా తోటికోడలు ఇల్లంతా తడిగుడ్డ పెట్టి తుడుస్తూ ఉంటుంది. పైన ఆయన కష్టపడి దుమ్ము తయారుచేస్తూ ఉంటారు. వ్యాగన్లలో ఖనిజానికి ఇటుకపొడి. నేలకి వాడేసిన టీపొడి, కడిగి ఎండబెట్టినది. పట్టాల మధ్య కంకరకి ఉప్మారవ్వ సరిగ్గా సరిపోయిందిగానీ, రెండోరోజుకి రేవునిండా చీమలు. దాంతో రవ్వ వంటింట్లోకి తిరిగి రాలేదు, కంకర మాత్రం మారింది.

ఇదంతా చూస్తుంటే నాకు ప్లేటో గుర్తొచ్చాడు. బి.ఏ.లో చదివిన ముక్క. వడ్రంగి మంచం చేస్తాడు, చిత్రకారుడు ఆ మంచానికి బొమ్మ వేస్తాడు. బొమ్మ వేసేవాడికి మంచం గురించి ఏమీ తెలియదు, పైపై రూపమే తెలుసు, కాబట్టి వాడు నిజానికి దూరం అంటాడాయన. ఆ రోజుల్లో కాదనటానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. బావగారి గదిలో ఒక జవాబు దొరికింది. పోలిక సరిగ్గా రావాలంటే, పోల్చేదాన్ని చూడాలి. పైపైన చూస్తే చాలదు. జెట్టీమీద పట్టాలు నేలలోకి ఎందుకు దిగి ఉంటాయి? లారీలు, బళ్ళు వాటిమీదుగా దాటాలి కాబట్టి. క్రేను కాళ్ళు చాపుకుని పట్టాలకి అటూ ఇటూ ఎందుకు నిలబడుతుంది? కిందనుంచి వ్యాగన్లు దూరిపోవాలి కాబట్టి. ముప్ఫై ఏళ్ళకి పైగా రైల్వేలో ఉండి తాను గమనించనివి, ఈ మూడేళ్ళలో గమనించానంటారాయన.

అలా గమనించటం మొదలుపెట్టినవాడు చరిత్రలోకి కూడా వెళ్ళక తప్పదు. అసలీ రేవుని కట్టించిందే బెంగాల్ నాగపూర్ రైల్వే. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రం కావాలి. రాయపూరు నుంచి విజయనగరానికి రైలుదారి 1931లో పూర్తయింది, 1933లో రేవు తెరుచుకుంది. అంటే రైలు రేవుకి వచ్చింది అనటం కంటే, రైలే రేవుని తెచ్చుకుంది అనాలి. అలల తాకిడికి అడ్డుగా రెండు పాత ఓడలని రాళ్ళతో నింపి ముంచేశారు. రేవు మొగలో మూడు గుట్టలు, వాటిమీద వెంకటేశ్వరుడి గుడి ఒకటి, దర్గా ఒకటి, చర్చి ఒకటి. ఆ తరవాత బైలదిల్లా ఇనుపఖనిజం జపాన్ వెళ్ళటానికి 1960ల్లో కొండల్లోంచి కొత్త రైలుదారి, ఖనిజాన్ని ఎత్తిపోసే యంత్రాలు. పెద్ద ఓడలకోసం బయటి హార్బరు 1976లో. బావగారి బల్లమీద అది లేకపోవటానికి కారణం అదే. ఆయన కాలానికి అదింకా పుట్టలేదు.

ఇంత జాగ్రత్తగా కట్టిన రేవుని చూడటానికి ఒకసారి మా తోటికోడలు పైకొచ్చింది. నేను అక్కయ్యా అని పిలుస్తాను. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఆ ఊరి వన్‌టౌన్‌లోనే, హార్బరు కూత వినిపించేంత దూరంలో. కళ్ళజోడు సర్దుకుని అంతా కలియజూసింది. కొండ చూసింది, నీళ్ళు చూసింది, నాచు పట్టీ చూసి “బాగుందండీ” అంది. ఆ తరవాత, “రేవు సరే, మనుషులేరీ?” అంది.

“ఇది రైల్వే మోడలు. మనుషుల్ని పెట్టుకుంటూ పోతే నీ బొమ్మలకొలువైపోతుంది” అన్నారు బావగారు.

“మనుషులు లేకుండా ఆ వ్యాగన్లలో ఖనిజం ఎవరు దింపుతారుటండీ, మీరా?”

చూడండి, ఇక్కడికొచ్చేసరికి నాకు ఈ రేవు కథ హఠాత్తుగా కాలక్షేపం కాకుండా పోయింది. పట్టాలు ఇరుకైతే ఆయనకి నిద్ర పట్టలేదు. నాచు గీత ఒక్క సెంటీమీటరు పైకి పోతే చెరిపి మళ్ళీ పూశారు. పక్షి రెట్టలు మరిచిపోలేదు. మనుషులు మాత్రం గుర్తుకు రాలేదు. అందులో ఆయన తప్పేం లేదు, ఆయన చెడ్డవారూ కారు. అసలు ప్రశ్న అదే: మంచివాళ్ళ కళ్ళకి కూడా కొందరు మనుషులు ఎందుకు ఆనరు?

బావగారు చెప్పిన కారణం సబబుగానే ఉంది. ఈ కొలతలో దొరికే మనుషుల బొమ్మలు జర్మనీవి. టోపీలు, ఓవర్‌కోట్లు, చేతిలో సూట్‌కేసులు, గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్ళు. వాళ్ళని తెచ్చి విశాఖ జెట్టీమీద నిలబెడితే నవ్వులాటే. గంప నెత్తిన పెట్టుకున్నావిడ, గోచీ బిగించిన కళాసీ ఏ డబ్బాలోనూ దొరకరు. దొరకనివాళ్ళని పెట్టకుండా వదిలేశారు. న్యాయమే అనిపిస్తుంది. కానీ పట్టాలు కూడా దొరకలేదు కదా? దొరికినవాటితో సర్దుకున్నారేగాని, పట్టాలు లేకుండా రైల్వే కట్టలేదుగా!

అక్కయ్య ఒక మాట చెప్పింది. “మా వీధి చివర ఒకావిడ ఉండేది. తెల్లవారుజామునే సద్ది మూట కట్టుకుని రేవుకి పోయేది, ఖనిజం తట్టలు మొయ్యటానికి. భర్త పోయినావిడ. నుదుట బొట్టు లేదుగానీ సాయంత్రం తిరిగొచ్చేసరికి తలంతా ఎర్రదుమ్మే. అది కడుక్కున్నాకే పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది. రేవంటే నాకు ఆవిడే గుర్తు. మీ ఇంజను నంబరు కాదు.”

ఒకే రేవు. ఒకరికి ఇంజను నంబరు, ఒకరికి ఎర్రదుమ్ము. ఇందులో ఏది నిజమైన రేవు?

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర లాంగ్ విట్టెన్‌హామ్ అనే పల్లెటూళ్ళో పెండన్ మ్యూజియం అని ఒకటుంది. దాన్ని 1954లో స్థాపించిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన ఆస్ట్రేలియానుంచి 1925లో ఆ దేశం వచ్చాడు. పాత పల్లెటూళ్ళ గడ్డికప్పు ఇళ్ళు కళ్ళముందే మారిపోవటం చూసి ఉండబట్టలేక, వాటిని కొలతలు తీసి, ఉన్నవి ఉన్నట్టు చిన్నవిగా కట్టటం మొదలుపెట్టాడు. ఒక్కో ఇంటికి నెలల తరబడి పని. అదే మ్యూజియంలో ఇంకొకాయన కట్టిన రైల్వే కూడా భద్రంగా ఉంది. జాన్ ఎహర్న్ అని, 1961లో పోయాడు. ఆయన కట్టిన మాడర్ వ్యాలీ, దాని చివర ఉన్న మాడర్‌పోర్ట్ అనే రేవు, ఇంగ్లండు పటంలో ఎక్కడా లేవు. పూర్తిగా ఆయన ఊహ. రైళ్ళు ఒక్కటే నడిస్తే చాలదు, వాటి చుట్టూ ఒక లోకం బతుకుతున్నట్టుండాలని నమ్మినవాడు. ఒకాయన ఉన్న ఊరిని రవ్వంత కూడా మార్చకుండా చేశాడు, ఇంకొకాయన లేని రేవుని ఉన్నట్టు చేశాడు. రెండిటికీ ఒకే కప్పు కింద చోటిచ్చారు. నవలలు రాసేదాన్ని కనక నాకది ఎంతో ధైర్యంగా ఉంటుంది. లేనిదాన్ని కల్పించటం అబద్ధం కాదన్నమాట.

అలాగైతే అబద్ధమేది? నాకు తోచింది చెపుతాను. చిన్నది చెయ్యాలంటే ఏదో ఒకటి వదలక తప్పదు. కొండ సగం వదలొచ్చు, ఓడ వెనకభాగం వదలొచ్చు, మూడు మిల్లీమీటర్ల వెడల్పు వదలొచ్చు. అవి కొలతలో తప్పులు. కొలత తప్పితే పోలిక చెడుతుంది, అంతే, ఎవరికీ నష్టం లేదు. కానీ ఎవరి చేతులమీదుగా ఆ రేవు రేవయిందో వాళ్ళని వదిలేసి, ‘ఇదుగో, అచ్చం నిజం’ అన్నామంటే, అది చూసేవాళ్ళకి ఒక పాఠం చెప్పినట్టే. సరుకు దానంతట అదే ఓడెక్కుతుంది అని. ఇలాంటి పాఠాలు మనకి కొత్త కాదు. 1933లో రేవుని ప్రారంభించిన వైస్రాయి లార్డ్ విల్లింగ్‌డన్ పేరు చరిత్రలో ఉంది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మన ఇళ్ళకే రండి. పెళ్ళి ఆల్బమ్‌లో వందల ఫోటోలుంటాయి, విస్తళ్ళలో ఘుమఘుమలాడే పులిహోర ఫోటో కూడా ఉంటుంది. తెల్లవార్లూ పొయ్యి దగ్గర నిలబడినావిడ ఎక్కడా కనిపించదు. ఎన్ని కథల్లో కాఫీ కప్పు కథానాయకుడి చేతిలోకి దానంతటదే రాలేదు!

ఇక్కడ మన బొమ్మలకొలువుని ఒక్కసారి మెచ్చుకోవాలి. కొండపల్లి బొమ్మలు చూడండి. దశావతారాలు, అంబారీ ఏనుగు ఒక పక్క ఉంటాయి. వాటి పక్కనే తాడిచెట్టు ఎక్కేవాడు, ఎడ్లబండి తోలేవాడు, పల్లెటూరి ఆడవాళ్ళు కూడా ఉంటారు. దేవుడితోపాటు వాళ్ళకీ ఒక మెట్టుమీద చోటు. ఏనుగు బాతుకంటే చిన్నదైతే అయింది, మన కొలువు కొలతల్లో తప్పింది గానీ మనుషుల్ని వదల్లేదు.

సరే, బావగారు ఒప్పుకున్నారు. ఆయన మంచితనం అక్కడుంది. జర్మనీ బొమ్మల టోపీలు, కోట్లు బ్లేడుతో గీకేశారు. టిష్యూ కాగితం జిగురునీళ్ళలో ముంచి చీర కట్టింది అక్కయ్య. ఐదడుగుల ఆడమనిషి ఈ కొలతలో రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, దానికి కుచ్చిళ్ళు! పురికొస దారం చుట్టలు చుట్టి గంపలు. పది రోజుల్లో ఇరవై మంది తయారయ్యారు. జెట్టీమీద నిలబెట్టి, “ఇప్పుడేమంటావు?” అన్నారు గర్వంగా.

అక్కయ్య చాలాసేపు చూసింది. “అందరూ వంగే ఉన్నారేమిటండీ? ఒక్కళ్ళూ నడుం ఎత్తరా? నీడకి కూచోరా? నవ్వుకోరా?” అంది.

నిజమే సుమండీ! ఇరవై మందీ గంప కింద వంగిపోయి ఉన్నారు. తుప్పు పూసినట్టే, దుమ్ము పూసినట్టే, కష్టాన్ని కూడా కుంచెతో పూసినట్టుంది. మనుషుల్ని వదిలెయ్యటం ఒక అన్యాయమైతే, వాళ్ళని మన బొమ్మకి అందం తెచ్చే మురికిగా వాడుకోవటం రెండో అన్యాయం. దీన్ని పట్టుకోవటం కష్టం, ఎందుకంటే ఇది చూడటానికి జాలిలా ఉంటుంది. పేదల గురించి రాసే కథల్లో కూడా ఈ చిక్కుంది. ఆకలి, కన్నీళ్ళు, చిరుగుల చీర అన్నీ ఉంటాయి. వాళ్ళు పక్కవాళ్ళమీద వేసుకునే ఛలోక్తి ఉండదు, జీతం రోజున కొనుక్కున్న మూర మల్లెపూలుండవు. చదివినవాళ్ళు ‘అయ్యో’ అనుకుని పేజీ తిప్పుతారు. ‘అయ్యో’ అనిపించుకోవటానికే పుట్టినవాళ్ళెవరైనా ఉంటారా?

మరి ఏం చెయ్యాలి? దానికి దారి బావగారి విద్యలోనే దొరికింది. ఈ రైళ్ళు నడిపేవాళ్ళలో ఒక పద్ధతుందిట. ప్రతి వ్యాగన్‌కీ ఒక చిన్న కార్డు రాస్తారు. ఎక్కణ్ణించి వచ్చింది, ఏం తెచ్చింది, ఎక్కడికి పోవాలి. ఊరికే గుండ్రంగా తిరిగే వ్యాగన్ వాళ్ళకి నచ్చదు. దానికొక పని ఉండాలి, గమ్యం ఉండాలి. “వ్యాగన్‌కి రాసే కార్డు మనిషికెందుకు రాయకూడదు బావగారూ?” అన్నాను. ఈవిడ ఎక్కణ్ణించి వచ్చింది? ఇంటి దగ్గర ఎవరున్నారు? పని దిగాక ఎటు పోతుంది? ఇది కార్డుమీద రాయటమంటే రెండు నిమిషాల పని. కానీ రాశాక ఆ బొమ్మని ఎక్కడపడితే అక్కడ గుచ్చలేం. చిన్న పిల్లాడున్నావిడ తొందరగా ఇంటికి నడుస్తూ ఉంటుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఓడని నోరు తెరుచుకుని చూస్తూ ఉంటాడు. ఇద్దరు ముసలివాళ్ళు క్రేను నీడలో చుట్ట పంచుకుంటారు. గంప మోసేవాళ్ళూ ఉంటారు, ఉండాలి. ఆ గంప బరువు అబద్ధం కాదు కదా. కానీ గంప వాళ్ళ పేరు కాదు.

అలా కార్డులు రాసుకున్నాక జెట్టీమీద జనం పలచబడ్డారు. ఇరవై మందిలో పన్నెండుమందే మిగిలారు. విచిత్రం ఏమిటంటే, ఇరవై మంది ఉన్నప్పటికంటే ఇప్పుడే రేవు కిటకిటలాడుతున్నట్టుంది.

దీన్ని రేవు కట్టేవాళ్ళకి మాత్రమే పనికొచ్చే సంగతి అనుకోవటం లేదు నేను. మనందరం రోజూ ఏదో ఒకటి చిన్నది చేసి చెపుతూనే ఉంటాం. పిల్లలకి మన చిన్నతనం చెపుతాం, అల్లుడికి మన వంశం గొప్ప చెపుతాం, ఉత్తరంలోనో ఫోన్లోనో ఊరి సంగతులు చెపుతాం. అంతా చెప్పటం ఎవరి తరమూ కాదు. కుదించాలి, కొంత వదలాలి, కొంత కల్పన కూడా తప్పదు. తాతగారు కట్టించిన లోగిలి ఎంత పెద్దదో చెపుతూ పది అడుగులు ఎక్కువ చెప్పినా కొంప మునిగిందేమీ లేదు. కానీ ఆ లోగిలికి నీళ్ళు ఎవరు మోసేవారు అని మనవరాలు అడిగితే, చెప్పటానికి మన దగ్గర ఒక మనిషి ఉండాలి. ‘పనివాళ్ళు’ అనే ఒక్క మాట సరిపోదు.

బావగారి రేవులో, ఓడ తాడు కట్టే గుంజ పక్కన ఒకావిడ కూచుని సద్ది మూట విప్పుకుంటోంది. ఆవిణ్ణి అక్కయ్యే చేసింది, కార్డు కూడా తనే రాసింది. ఆ బొమ్మకి పేరు పెట్టలేదు, అసలు పేరు ఆవిడకి గుర్తుందిట. ఏం రాశావని నేను అడగలేదు. మొన్న మనవడు మాత్రం అడుగుతున్నాడు, “నాయనమ్మా, ఇందాకటినుంచి ఈవిడ ఇక్కడే కూచుందేం? ఇంటికెళ్ళదా?” అని. రైలు ఎన్నిసార్లు ఎదురుగా పోయినా పట్టించుకోని పిల్లాడు, ఆ రెండు సెంటీమీటర్ల మనిషి ఇల్లు చేరిందో లేదో తెలుసుకోవాలనుకున్నాడు. “అచ్చం నిజంలా ఉంది” అనే మెప్పు ఇంతకంటే బాగా ఎవరివ్వగలరు, చెప్పండి?